ముక్కు గీత

గవ్వ మొదటిసారి దగ్గినప్పుడు ఇంట్లో అందరూ నవ్వారు. అందరూ అంటే ముగ్గురే. కడుపు నేలకానించి, మెడ ముందుకు చాపి, ఎవరికో సాష్టాంగం పెడుతున్నట్టు వంగి ఖళ్ళు ఖళ్ళున దగ్గింది. ఆ తర్వాత ఏమీ జరగనట్టు మూతి నాక్కుని, వెళ్ళి పైడమ్మ చాప మీద పడుకుంది.

"ఒళ్ళు నాకీ నాకీ ఎంట్రుకలు మింగీసుంటాది గుంట," అంది పైడమ్మ. ఆవిడ కొడుకు నూకరాజు వేలికి నెయ్యి రాసుకుని పిల్లి మూతికి పూశాడు. కోడలు వకుళ గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, పొద్దున్నే సాష్టాంగాలు పెడుతోందంటే జీతం పెంచమంటోందేమో కనుక్కోండని చెప్పి ఆఫీసుకు వెళ్ళిపోయింది. ఆ నవ్వు తర్వాత్తర్వాత ముగ్గురికీ గుర్తొచ్చింది. కానీ వకుళను కొరికినట్టు మిగతా ఇద్దరినీ కొరకలేదు.

గవ్వ తెల్లటి పిల్లి, ఒంటి నిండా గోధుమరంగు చుక్కలు. చేపల రేవులో తట్టల మధ్య అరుస్తుంటే నూకరాజు జేబులో వేసుకొచ్చాడు. పేరు పెట్టింది పైడమ్మ. చిన్నప్పుడొకసారి మూడో అంతస్తు బాల్కనీ నుంచి జారి, కింద ఎవరిదో దుప్పటి ఆరేసి ఉండబట్టి బతికింది. ఆ రోజే బాల్కనీకి వల కొట్టించారు. అప్పట్నుంచీ అది గడప దాటలేదు. దాని లోకమంతా రెండు గదులు, ఒక వంటిల్లు, పైడమ్మ చాప.

అది సముద్రం ఒడ్డు ఊరు. రేవులో బొగ్గు గుట్టలు పోసి ఉంటాయి. పొద్దున ఆరేసిన తెల్ల పంచె సాయంత్రానికి బూడిదరంగుకి తిరుగుతుంది. ఆ ఊళ్ళో పుట్టి, ఆ నుసి పీల్చి, ఆ నుసి మీదే చదువుకుని పెద్ద సైంటిస్టు అయింది వకుళ. ఆవిడ చేసిన పని ఒక్క ముక్కలో చెప్పాలంటే, గోడకు ఆకలి నేర్పింది. కంటికి కనిపించనంత చిన్న నాచునొకదాన్ని బొగ్గు నుసి మీద పెంచి, అదే తిండిగా అలవాటు చేసి, బంకలో కలిపి గోడకు పూసింది. దాని పేరు ఊపిరి పూత. ఆకలిగా ఉన్నప్పుడు ఆ గోడ పాలిపోయిన తెలుపు. గాలిలో నుసి పట్టి తింటున్నకొద్దీ పెసరపచ్చగా మారుతుంది. పూత పూసిన మొదటి ఇల్లు వకుళదే. ఆ రోజుల్లో పక్క వాటాలవాళ్ళు కాఫీ తాగే నెపంతో వచ్చి ఆ గోడలకు చెంప ఆనించి చూసి వెళ్ళేవారు.

అంతకుముందే, పూతను పరీక్షించడానికి ప్రయోగశాలలో ఇల్లులాంటి గది ఒకటి కట్టారు. అందులో సోఫా, డైనింగ్ టేబుల్, డబుల్ కాట్ అన్నీ ఉన్నాయి. గాలి ఎంత శుభ్రపడిందో చెప్పే మీటరు గోడకు ఏ ఎత్తున బిగించాలన్న దాని మీద మూడు పూటలు మీటింగు జరిగింది. చివరికి డైరెక్టరు శేషశయనం గారికి విసుగొచ్చింది. ఆయన ఆరడుగుల మనిషి, ముక్కుసూటి మనిషి కూడా. లేచి వెళ్ళి గోడకు పక్కగా నిలబడ్డాడు. "మనిషి పీల్చేచోట కొలవాలి. ఇదిగో, మనిషిని. గీయండమ్మా," అన్నాడు. వకుళ ఎర్ర పెన్సిలు తీసి ఆయన ముక్కు దగ్గర గోడ మీద గీత గీసింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ గీతకు ముక్కు గీత అని పేరు పడింది. తర్వాత పూత ఎక్కడ పూసినా ముందు ఎర్ర గీత గీయడం, దాని మీద మీటరు బిగించడం ఆనవాయితీ అయింది. అలా ఆ ఊళ్ళో గాలి మంచిదో కాదో శేషశయనం గారి ముక్కు తేల్చేది.

గవ్వ దగ్గు తగ్గలేదు. ఆటలు మానేసింది. బల్లి కనిపిస్తే లేచి రెండడుగులు వేసి, కూర్చుని, నోరు తెరిచి ఎగశ్వాస తీసేది. పిల్లి నోరు తెరిచి ఊపిరి తీసిందంటే నవ్వాల్సిన విషయం కాదని నూకరాజుకు ఎవరో చెప్పారు. బుట్టలో పెట్టుకుని పశువైద్యురాలు కరీమున్నీసా గారి దగ్గరికి పట్టుకెళ్ళారు.

ఆవిడ ఎక్స్‌రే తీసి, పిల్లి పక్కటెముకల మీద చెవిపెట్టి చాలాసేపు విని, ఉబ్బసం అంది. మనుషులకు వచ్చేదే. ఊపిరి గొట్టాలు ముడుచుకుపోతున్నాయి, ఇలాగే వదిలేస్తే ఏదో ఒక రోజు తెరుచుకోవు. చిన్న మాస్కు, దానికి తగిలించే మందు గొట్టం ఇచ్చి ఎలా పట్టాలో చూపించింది.

"మందు నేనిస్తాను. కారణం మాత్రం మీరే వెతకాలి," అంది. "ఇది గుమ్మం దాటదంటున్నారు. అలాంటప్పుడు ఇది పీల్చేదంతా మీ ఇంట్లోదే కదమ్మా."

ఆ మాట వకుళకు తల కొట్టేసినట్టయింది. ఊళ్ళోకెల్లా శుభ్రమైన గాలి తమ ఇంట్లోనే ఉందని, కావాలంటే మీటరు లెక్కలు చూపిస్తానని చెప్పింది. కరీమున్నీసా గారు నవ్వి, అయితే మీకు వెతకడం సులువేనని బుట్ట మూత పెట్టింది.

వెతకడంలో వకుళను మించినవాళ్ళు లేరు. ఇల్లంతా గాలించింది. దోమల చుట్టలు బయటికి పోయాయి. నూకరాజు మొహానికి రాసుకునే పౌడరు, నేల తుడిచే ఫినాయిల్, బాత్రూంలో వేలాడే సెంటు బిళ్ళ కూడా పోయాయి. ఆఖరుకి మిగిలింది పైడమ్మ సాంబ్రాణి.

శుక్రవారం పైడమ్మకు పెద్ద పని ఉండేది. తలంటి పోసుకుని, మట్టి ధూపపు గిన్నెలో నిప్పులు వేసి, మీద సాంబ్రాణి చల్లి, తడిజుట్టు ఆ పొగకు ఆరబెట్టుకునేది. ఆపైన గిన్నె కిందికి పట్టుకుని మూలమూలకీ తిరిగేది. మంచం కింద, బీరువా సందులో, తలుపు వెనక, ఒక్క మూల వదిలేది కాదు. గవ్వ తోక నిటారుగా లేపి వెనకాలే తిరిగేది. పైడమ్మ ఆగినచోట ఆగేది, నడిస్తే నడిచేది. ఇద్దరూ ఊరేగింపు పూర్తిచేసుకుని చాప మీదకు చేరేవారు. పెళ్ళైన నాటి నుంచి ఆవిడ మానని పని అది. మొగుడు పోయిన వారంలో కూడా మానలేదు.

ఆ శుక్రవారం గిన్నెలో నిప్పులు ఎర్రబడుతుండగా వకుళ వంటింట్లోకి వచ్చింది. పొగ గురించి, దాంట్లో ఏమేముంటాయో దాని గురించి, పిల్లి ఊపిరితిత్తి ఎంత చిన్నదో దాని గురించి చెప్పింది. మొదట నెమ్మదిగానే చెప్పింది. పైడమ్మ అర్థంకాక అలాగే చూస్తుండేసరికి వకుళకు ఓపిక పోయింది.

"దాన్ని చంపుతున్నది మీ పొగే అత్తమ్మా."

పైడమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి నిప్పుల మీద పోసింది. అవి సుయ్‌మన్నాయి. గిన్నె కడిగి, తుడిచి, ముక్కాలిపీట ఎక్కి అటక మీద పెట్టింది. జుట్టు తడిగానే ముడి వేసుకుని వచ్చి గవ్వ పక్కన కూర్చుంది.

"నా వొల్లేనేటే?" అని పిల్లిని అడిగింది. గవ్వ కళ్ళు మూసుకుని ఎగశ్వాస తీస్తోంది. వకుళ విననట్టు గదిలోకి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచీ మాస్కు పట్టే పని పైడమ్మదైంది. ఎవరూ అప్పగించలేదు, తనే తీసుకుంది. చాప మీద కాళ్ళు చాపుకుని, పిల్లిని ఒళ్ళో కట్టుదిట్టంగా పట్టుకుని, మాస్కు మూతికి ఆనించి, "పీల్చమ్మా. ఇంకోటి. నా తల్లి కదూ, ఇంకోటి," అంటూ బుజ్జగించేది. అయ్యాక దాని నుదుటి మీద చెయ్యి వేసి, పెదవులు కదిలీ కదలకుండా ఏదో అనుకునేది. దేవుడికి దండం పెట్టుకుంటోందని నూకరాజు అనుకున్నాడు. ఒకసారి దగ్గరగా వెళ్ళి విన్నాడు. ఆవిడ పిల్లికి క్షమాపణ చెప్పుకుంటోంది. ఆ సంగతి భార్యకు చెప్పి, నువ్వు కాస్త మెత్తగా చెప్పాల్సింది అన్నాడు. ఊపిరితిత్తులకు మెత్తగా చెప్తే అర్థం కాదంది వకుళ.

సాంబ్రాణి ఆగింది. గవ్వ మాత్రం కోలుకోలేదు. సరికదా, ఇంకా దిగజారింది. మాస్కు పూటకొకసారి సరిపోవడం లేదు. అన్నం దగ్గర కూర్చుని మూతి పెట్టడానికి ఊపిరి చాలక చూస్తూ ఉండేది. వకుళ కర్టెన్లలో పాత పొగ దాగి ఉందని కర్టెన్లు ఉతికించింది. పైడమ్మ చీరల్లో వాసన ఉందని చీరలు ఉతికించింది. పైడమ్మ తల వంచుకుని అన్నీ మూట కట్టి ఇచ్చింది. తన పూత మీద వకుళకు ఒక్కసారైనా అనుమానం రాలేదా అంటే, వచ్చింది. వచ్చిన ప్రతిసారీ వెళ్ళి గోడ మీద ముక్కు గీత దగ్గర మీటరు చూసుకునేది. పచ్చ దీపం వెలుగుతూ ఉండేది. హాయిగా వెనక్కి వచ్చేది.

ఇక్కడ ఇలా ఉంటే అక్కడ ప్రయోగశాలలో పండగ వాతావరణం. ఊరి మురికివాడల్లోని అంగన్‌వాడీలన్నిటికీ ఊపిరి పూత పూయడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. వచ్చే శుక్రవారం మంత్రిగారు వచ్చి మొదటి కుంచె వేస్తారు. కొండవాలు బస్తీలో ఒక అంగన్‌వాడీకి ఆరునెలల కిందటే నమూనాగా పూసి చూశారు. అక్కడ మీటరు మొదటి రోజు నుంచీ పచ్చగానే ఉంది. శేషశయనం గారు ఆ మీటరు ఫొటో ఫ్రేము కట్టించి తన కుర్చీ వెనక పెట్టుకున్నాడు. బొగ్గు గుట్టల పక్కన పెరిగిన తన అక్కపిల్లలిద్దరు చిన్నతనంలోనే ఊపిరాడక పోయారని, ఈ పని చూడటానికే బతికున్నాననీ ఆయన వకుళతో అన్నాడు. అబద్ధాలాడే మనిషి కాడు. అందుకే ఆ తర్వాత జరిగింది ఆవిడకు మరీ కష్టమైంది.

ఆదివారం మధ్యాహ్నం నూకరాజు బజారుకు వెళ్ళాడు. పైడమ్మ స్నానానికి వెళ్ళింది. మంచం కింద నుంచి గవ్వ దగ్గు వినిపించింది. ఈసారి ఆగలేదు. వకుళ మోకాళ్ళ మీద కూర్చుని పిలిచింది. అది రాలేదు. చెయ్యి చాపింది, అందలేదు. చీర కొంగు నడుముకు చుట్టి, నేల మీద బోర్లా పడుకుని, చెంప గచ్చుకు ఆనించి మంచం కిందికి చూసింది.

బాల్కనీ తలుపు కింద సందులోంచి ఎండ ఏటవాలుగా లోపలికి వస్తోంది. ఆ ఎండలో నేల కదులుతున్నట్టు కనిపించింది. వకుళ కళ్ళు నులుముకుంది. నేల కాదు కదులుతున్నది, నేలను అంటిపెట్టుకున్న గాలి. సన్నటి లేత ఆకుపచ్చ పొట్టు, పలచటి దుప్పటి పరిచినట్టు గదంతా పరుచుకుని ఉంది. పైన ఫ్యాను గాలి కిందికి కొట్టి గోడల వైపు తోస్తోంది. గోడ దగ్గర అది లేచి, మళ్ళీ నేల మీదకే దిగుతోంది. జానెడు ఎత్తు, మహా అయితే మూరెడు. ఆ పైన ఏమీ లేదు. ఆ దుప్పటి మధ్యలో, నోరు తెరుచుకుని, గవ్వ.

ముందు పిల్లిని లాగి, ఎత్తుకుని, మాస్కు పెట్టింది. దానికి ఊపిరి కుదుటపడ్డాక మంచం మీద పడుకోబెట్టింది. తర్వాత వెళ్ళి గోడ మీద మీటరును మేకు నుంచి ఊడదీసింది. చేతిలో పట్టుకుని నిలబడితే పచ్చ దీపం. మోకాలి దగ్గరికి దించింది, పసుపు. నేల మీద పెట్టింది. అది ఎరుపుకు తిరిగి, కుయ్ కుయ్‌మని మొత్తుకోవడం మొదలుపెట్టింది. ఆ మీటరుకు అలాంటి గొంతు ఉందని దాన్ని తయారుచేసిన వకుళకే గుర్తులేదు. పైకి లేపితే నోరు మూసుకుంది. మళ్ళీ దించితే మళ్ళీ మొత్తుకుంది. ఎన్నిసార్లు లేపి దించిందో, చివరికి దాన్ని నేల మీదే వదిలి గోడకు చేరగిలబడింది.

నాచు తింటుంది. తిన్నది పెరుగుతుంది. పెరిగింది పొట్టు విడుస్తుంది. కాలేజీ పిల్లలకు కూడా తెలిసిన సంగతే. ఆ పొట్టు గోడకే అంటుకుని ఉంటుందని ఆవిడ తన నివేదికలో రాసింది, మీటరు అవునంది. పొట్టు గాలి కన్నా బరువు. అది ఎప్పుడూ శేషశయనం గారి ముక్కు దాకా రాలేదు. వకుళ ముక్కు దాకా కూడా రాలేదు. ఆవిడ సోఫాలో కూర్చుంటుంది, టేబుల్ దగ్గర తింటుంది, మంచం మీద పడుకుంటుంది.

ఎదురుగా గోడ వారన పైడమ్మ చాప చుట్టి ఉంది. వకుళ దాన్ని విప్పింది. తల పెట్టుకునే వైపు అల్లిక సందుల్లో పచ్చటి పొట్టు పేరుకుపోయి ఉంది.

బాత్రూంలో కుళాయి ధారగా పడుతున్న చప్పుడు. ఆ చప్పుడు కింద ఇంకో చప్పుడు ఉంది. వకుళ లేచి వెళ్ళి తలుపుకు చెవి ఆనించింది. పైడమ్మ దగ్గుతోంది. గవ్వ దగ్గినట్టే దగ్గుతోంది.

తలుపు తీసి బయటికొచ్చిన పైడమ్మ, ఎదురుగా కోడల్ని చూసి తడబడి, నీళ్ళు గొంతుకు అడ్డం పడ్డాయంది.

"దగ్గు ఎన్నాళ్ళ నుంచి అత్తమ్మా?"

"ఏ దగ్గు? లేదమ్మా."

"నేను విన్నాను."

పైడమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. తప్పు చేసి దొరికిన చిన్నపిల్లలా నేలచూపులు చూసింది. "గవ్వతోపాటే మొదలైనాది. నీకు సెప్తే పొగే అంటావు గదా. అది నిజమే గదా మరి. నోరులేని దానికి సేసిన పాపం, నాకూ తగిలినాది అనుకున్నాను. అనుబవించాలి గదా."

వకుళ చెప్పాల్సినది ఒక్క వాక్యమే. అది గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చుంది. ముందు డాక్టరు దగ్గరికి వెళ్దాం పదండి అని మాత్రం అనగలిగింది. పిల్లి సంగతి చూడమ్మా, నాకేటి అయిపోదంది పైడమ్మ. ఆ రోజు వకుళ చాప బయట పారేసి, అత్తగారినీ పిల్లినీ తన మంచం మీద పడుకోబెట్టింది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే నూకరాజుతో ఇద్దర్నీ అతని చెల్లెలి ఇంటికి పంపించింది.

సోమవారం ప్రయోగశాలలో తలుపు వేసుకుని, పూత పూసిన పలకలు తీసి గాజుపెట్టెల్లో పెట్టింది. ప్రతి పెట్టె అడుగునా ఒక మీటరు పెట్టింది. అన్నీ ఎర్రగా వెలిగాయి. అప్పుడు ఇంకో ఆలోచన వచ్చింది. రాకపోతే బాగుండేది. బజారు నుంచి సాంబ్రాణి తెప్పించి ఒక పెట్టెలో పొగ వేసింది. పొగ తేరుకున్నాక చూస్తే, ఆ పెట్టె అడుగున మీటరు పసుపుకు దిగింది. సాంబ్రాణి చెట్టు బంక. దాని పొగ కూడా బంకే. అది పలకను పలచగా కప్పి, పొట్టును పలకకే అతికించింది.

ఇది విని మన పెద్దలకు అన్నీ ముందే తెలుసని వాట్సాప్‌లో పెట్టేవాళ్ళు కాస్త ఆగాలి. పైడమ్మకు ఏమీ తెలియదు. ఆ పొగ ఊపిరితిత్తికి మంచిదీ కాదు, కరీమున్నీసా గారు అడిగినా అదే చెప్తుంది. కాకపోతే ఆ ఇంట్లో పెద్ద చెడును ఒక చిన్న చెడు పట్టి ఉంచింది. మూలమూలకీ తిరిగి, కిందికి వంగి పట్టి ఉంచింది. దాన్ని ఆపించింది వకుళ. ఆపించి, నువ్వే చంపుతున్నావని కూడా చెప్పింది. ఆ మాట గుర్తొచ్చి ఆవిడ గాజుపెట్టె ముందు తల పట్టుకుని కూర్చుంది. ఏడుపు రాలేదు. సిగ్గు వచ్చింది.

శేషశయనం గారు అంతా విన్నాడు. రెండుసార్లు చెప్పించుకున్నాడు. ఒక పిల్లి, ఒక పెద్దావిడ, ఒక గాజుపెట్టె. ఇంత మాత్రానికి మొత్తం ఆపుతామా అన్నాడు. పొట్టు విడవని నాచును ఏడాదిలో తయారుచేద్దాం, శుక్రవారం మాత్రం జరిగిపోనీ అన్నాడు. ఇప్పుడు ఆగితే ఇక ఎప్పటికీ మన మాట ఎవరూ చెవిన పెట్టరు, బొగ్గు మాత్రం ఆగదు, ఆ పిల్లలు దాన్నే పీల్చి పెరుగుతారు అన్నాడు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. వకుళ వాదించలేదు. కొండవాలు అంగన్‌వాడీ దాకా ఒక్కసారి తనతో రమ్మంది.

వాళ్ళు వెళ్ళేసరికి మధ్యాహ్నం అన్నాలయ్యాయి. గోడలు పెసరపచ్చగా నిగనిగలాడుతున్నాయి. ఎర్ర గీత మీద మీటరు పచ్చ దీపంతో మెరుస్తోంది. దాని చుట్టూ ఎవరో కాగితం పువ్వుల దండ కూడా వేశారు. కింద, గచ్చు మీద, వరసగా చాపలు. చాపల మీద ఒకరి మీద ఒకరు కాళ్ళు వేసుకుని పిల్లలు నిద్రపోతున్నారు. ఇంకా పాకే వయసు పిల్ల ఒకతి నిద్రపోకుండా గోడ వారన పాకుతూ, అరచేయి గోడకు రాసి నోట్లో పెట్టుకుంటోంది.

శేషశయనం గారు ఏదో చెప్పబోయాడు. వకుళ వేలు పెదవి మీద పెట్టి వినమంది. ఫ్యాను చప్పుడు తప్ప ముందు ఏమీ వినపడలేదు. కాసేపటికి తెలిసింది. నిద్రపోతున్న పిల్లల ఊపిరి. సగంమంది గొంతుల్లో సన్నటి ఈల.

చాపల పక్కన కూర్చున్న ఆయాను వకుళ అడిగింది. అందరికీ రొంప పట్టిందమ్మా అంది ఆయా. వానాకాలం పట్టింది, ఎండాకాలం వచ్చినా వదల్లేదంది. గోడలకు మందు పూశారు గదా, అదే తగ్గిస్తుందని తల్లులకు చెప్తున్నానని కూడా అంది.

"సార్, ఒక్కసారి ఇక్కడ పడుకోండి," అంది వకుళ.

ఆయన ఆవిడ మొహంలోకి చూశాడు. తర్వాత ఇస్త్రీ చొక్కాతోనే, అంత మనిషీ ఆయాసపడుతూ వంగి, రెండు చాపల మధ్య గచ్చు మీద పడుకున్నాడు. వకుళ తలుపు ఓరగా తెరిచి ఎండ లోపలికి రానిచ్చింది. ఇంటి నుంచి తెచ్చిన మీటరును ఆయన మొహం పక్కన పెట్టింది. అది మొత్తుకోవడం మొదలుపెట్టింది. ఒకరిద్దరు పిల్లలు కదిలారు. ఆయన చాలాసేపు లేవలేదు. పక్కనున్న పిల్లవాడి మొహం వైపు తిరిగి, వాడి ముక్కుపుటాలు ఎగరడం చూస్తూ పడుకున్నాడు.

లేచాక చొక్కా దులుపుకోలేదు. పిల్లలందర్నీ బయటికి, చెట్టు కిందికి తీసుకెళ్ళమని ఆయాతో చెప్పాడు. తనూ ఇద్దర్ని ఎత్తుకున్నాడు. అరుగు మీద కూర్చుని ఫోను తీసి మంత్రిగారి కార్యదర్శికి చేసి, శుక్రవారం కార్యక్రమం లేదని, ఇక ఎప్పటికీ ఉండదని చెప్పాడు. కారణం అడిగితే, "కొలవాల్సినచోట కొలవలేదు," అన్నాడు. ఫోను జేబులో పెట్టుకుని వకుళ వైపు చూడకుండా, ఆ గీత నా ముక్కుదేనమ్మా అన్నాడు. గీసింది నేనే సార్ అంది వకుళ.

పూతను చంపడం తేలికే. మామూలు సున్నం కొడితే నాచు మాడిపోతుంది. పొట్టు రేగకుండా ముందు గోడలు తడిపి, ఆపైన రెండుసార్లు సున్నం వేశారు. ఆ వారమంతా ప్రయోగశాలలోని సైంటిస్టులు బకెట్లు, కుంచెలు పట్టుకుని ఊళ్ళో పూత ఉన్న గోడలన్నీ తెల్లగా కొట్టారు. పేపర్లు వెక్కిరించాయి. కొండవాలు తల్లులు వెక్కిరించలేదు, ఒకామె వకుళ కొంగు పట్టుకుని నిలదీసింది. నా గుంటడికి నయమౌతాదా అని ఒకటే ప్రశ్న. చిన్నపిల్లల ఊపిరితిత్తులు ఇంకా పెరుగుతాయి కాబట్టి చాలామందికి నయమవుతుందని డాక్టర్లు అన్నారు. చాలామంది అంటే అందరూ కాదని వకుళకు తెలుసు. ఆ తల్లికీ తెలిసిపోయింది. పట్టుకున్న కొంగు ఆమె నెమ్మదిగా వదిలింది.

పైడమ్మ ఊపిరితిత్తులు పెరిగే వయసువి కావు. ఆసుపత్రిలో గొట్టంలోకి ఊదమన్నారు. ఆవిడ బుగ్గలు పొంగించి ఊదింది. డాక్టరు కాగితం మీద పడ్డ గీతలు చూసి, పోయినంత మేర పోయినట్టేనని, ఉన్నది కాపాడుకోవాలని చెప్పాడు. పొగ, దుమ్ము, ధూపం ఏదీ దగ్గరికి రానివ్వొద్దన్నాడు. కరీమున్నీసా గారు గవ్వకూ అదే చెప్పింది. బతుకుతుంది, మాస్కు మాత్రం బతికినన్నాళ్ళూ ఉండాలి.

ఇంటి గోడలకు సున్నం ఆరాక ఇద్దర్నీ తీసుకొచ్చారు. పైడమ్మకు మంచం కొన్నారు. ఆవిడ దాని మీద కూర్చుని కాళ్ళు నేలకు ఆనుతున్నాయో లేదో చూసుకుంటోంది. వకుళ వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర గచ్చు మీద కూర్చుంది. ఈసారి గొంతులో ఆగిపోనివ్వలేదు. గోడ గురించి చెప్పింది. పొట్టు గురించి, గీత గురించి చెప్పింది. సాంబ్రాణి దాన్ని కొంత పట్టి ఉంచిందని, దాన్ని ఆపించాకే ఇద్దరికీ ముదిరిందని చెప్పింది. మీ ఊపిరి తీసింది నేనే అత్తమ్మా అని చెప్పింది. తిడుతుందనుకుంది. తిట్టాలని కోరుకుంది.

పైడమ్మ చాలాసేపు అర్థం చేసుకుంటూ కూర్చుంది. నెమ్మదిగా ఆవిడ మొహం విప్పారింది. ఇన్నాళ్ళుగా ఎవరూ చూడని మొహం అది.

"అయితే నా పొగ కాదన్నమాట."

"కాదు."

"నిజంగా కాదు గదా? నా మనసు కోసం సెప్తున్నావేటి?"

"నిజంగా కాదు."

పైడమ్మ వంగి గవ్వను ఒళ్ళోకి తీసుకుంది. "ఇన్నావేటే గుంటా? నాను కాదంట," అంది. కోడలి తల మీద చెయ్యి వేసి, పోన్లేమ్మా, నువ్వు కావాలని సేసినావేటి అంది. అంటూనే మళ్ళీ పిల్లి వైపు తిరిగి, నాను కాదంట అని ఇంకోసారి చెప్పుకుంది. తన ఊపిరి సంగతి ఒక్క మాట అడగలేదు. వకుళ ఆ చేతి కింద తల ఎత్తలేకపోయింది.

ఆ శుక్రవారం పైడమ్మ తలంటి పోసుకుని, నూకరాజును ముక్కాలిపీట ఎక్కించి అటక మీది గిన్నె దింపించింది. డాక్టరు ఏమన్నాడో వకుళ గుర్తుచేయబోయింది. తెలుసమ్మా, నిప్పు వెయ్యను అంది పైడమ్మ. ఒట్టి గిన్నె కిందికి పట్టుకుని బయల్దేరింది. మంచం కింద, బీరువా సందులో, తలుపు వెనక. గవ్వ తోక లేపి వెనకాలే నడిచింది. బీరువా దాటాక పైడమ్మకు ఆయాసం వచ్చి గోడ పట్టుకుని ఆగింది. గవ్వ కూడా ఆగి, కూర్చుని, నోరు తెరిచింది. ఇద్దరూ ఊపిరి తీసుకునేదాకా ఒకరికోసం ఒకరు చూసుకున్నారు. తర్వాత అవతలి మూలకు నడిచారు.

ఇప్పుడు ప్రతి శుక్రవారం అంతే. ఇదివరకు ఆ ఊరేగింపు ఎక్కడా ఆగకుండా సాగేది. ఇప్పుడు బీరువా దగ్గర ఆగుతుంది. ఆ కాసేపూ వకుళ ఆఫీసుకు ఆలస్యమైనా సరే, గుమ్మంలో చెప్పులు వేసుకోకుండా నిలబడి ఉంటుంది.